78 సెకన్లకో విమానం.. ముంబై రన్‌వేపై ఎందుకింత ఒత్తిడి?

హైదరాబాద్‌ నుంచి ముంబైకి ఫ్లైట్‌లో గంటన్నర లోపే. కానీ తీరా అక్కడికి వెళ్లాక, దిగడానికే మరో 40 నిమిషాలు గాల్లో తిరగాల్సి వస్తే? ఇది ప్రయాణికుల ఫిర్యాదు కాదు, 2024 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖే చెప్పిన మాట. ముంబై మీద విమానాలు 40 నుంచి 60 నిమిషాలు చక్కర్లు కొడుతున్నాయని ఒప్పుకుంది. 40 నిమిషాలు తిరిగితే ఒక్కో విమానానికి దాదాపు 1.8 లక్షల రూపాయల ఇంధనం ఆవిరి. గంటైతే 2.6 లక్షలు. ఈ భారం చివరికి ఎవరి టికెట్‌ మీద పడుతుందో చెప్పక్కర్లేదు.

అసలు సమస్య ఆకాశంలో లేదు, కింద ఉంది. ముంబైకి రన్‌వేలు రెండున్నా అవి ఒకదానికొకటి అడ్డంగా వెళ్తాయి. అంటే పేరుకే రెండు.. ఒకేసారి రెండూ వాడటం కుదరదు. ఇలాంటి చోట 2023 నవంబర్‌ 11న ఒక్కరోజే 1,032 విమానాలు నడిచాయి. రద్దీ వేళల్లో అప్పట్లో గంటకు 46. లెక్కేస్తే 78 సెకన్లకు ఒకటి!

ఆ కాసేపట్లోనే దిగిన విమానం వేగం తగ్గించుకుని పక్కనున్న ట్యాక్సీవేలోకి తప్పుకోవాలి. ఎగరాల్సింది వచ్చి పరుగందుకోవాలి. పెద్ద విమానం వెనకాల చిన్నది వస్తుంటే ఎడం ఇంకా పెంచాలి.. ముందుదాని రెక్కల నుంచి పుట్టే సుడిగాలి వెనకదాన్ని కుదిపేస్తుంది మరి. పైలట్‌ ఒక మలుపు దాటేసి తర్వాతి మలుపు దాకా వెళ్లాడనుకోండి, పోయేది కొన్ని సెకన్లే. కానీ వెనక వస్తున్న విమానం దిగకుండానే మళ్లీ పైకి లేవాల్సి రావచ్చు. అక్కడి నుంచి క్యూ అంతా జరుగుతుంది.

అందుకే కేంద్రం రద్దీ వేళల్లో 46ని 44కి, మిగతా సమయాల్లో 44ని 42కి తగ్గించింది. ప్రైవేట్‌ జెట్లపై ఆంక్షలు పెంచింది. ఎయిర్‌లైన్స్‌ ఇచ్చిన స్లాట్‌ టైమ్‌ పాటించట్లేదని కూడా చెప్పింది. గంటకు రెండు తగ్గిస్తే ఒక్కో విమానానికి కలిసొచ్చేది మూడున్నర సెకన్లే. అయినా ఇది సరైన నిర్ణయమే. ఖాళీయే లేని టైమ్‌టేబుల్‌లో పొద్దున ఒక్క ఫ్లైట్‌ లేటైతే ఆ దెబ్బ రాత్రి దాకా ఉంటుంది.

లండన్‌ గాట్విక్‌లో ఒక్క రన్‌వేతోనే గంటకు 55 నడుపుతున్నారు కదా అనొచ్చు. నిజమే. కానీ ఆ అంకెను మాత్రమే తెచ్చుకుంటే ఏం జరుగుతుందో 2024 జూన్‌ 8 చూపించింది. ముంబైలో ఎయిరిండియా విమానం ఇంకా టేకాఫ్‌ తీసుకుంటుండగానే, అదే రన్‌వేపై వెనక ఇండిగో దిగిపోయింది. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. డీజీసీఏ వెంటనే కంట్రోలర్‌ను విధుల నుంచి తప్పించింది. ఒకరిని తప్పించడం తేలికే.. సెకన్ల మీద నడిచే ఆ షెడ్యూల్‌ తయారుచేసింది మాత్రం ఆ కంట్రోలర్‌ కాదు.

2025 డిసెంబర్‌ 25 నుంచి నవీ ముంబై ఎయిర్‌పోర్ట్‌ కూడా మొదలైంది. రెండూ దగ్గర దగ్గరే కాబట్టి వచ్చీపోయే దారులను కలిపే చూసుకోవాలి. అసలు ప్రశ్న వేరే ఉంది. అటు మళ్లిన విమానాల స్లాట్లను పాత ఎయిర్‌పోర్ట్‌లో ఖాళీగా ఉంచుతారా, కొత్త ఫ్లైట్లతో నింపేస్తారా? శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్‌ నాయుడు చూస్తున్న శాఖే అది తేల్చాలి.