ప్యానెల్‌కు పాతికేళ్ల వారంటీ.. మరి స్టాండుకు?

ఇంటిపై సోలార్ అనగానే చర్చంతా ప్యానెల్ చుట్టూనే తిరుగుతుంది. ఏ కంపెనీ, ఎన్ని వాట్లు, సబ్సిడీ ఎంత? దాన్ని పట్టి ఉంచే ఇనుప స్టాండు గురించి అడిగేవారు తక్కువ. తుపాను గాలి వీచిన రోజు మాత్రం పరీక్ష ఆ స్టాండుకే.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకానికి కేంద్రం రూ.75,021 కోట్లు కేటాయించింది. లక్ష్యం కోటి ఇళ్లు. 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం రూ.78,000 రాయితీ ఇస్తారు. రాయితీ కావాలంటే ప్యానెల్, అందులోని సెల్స్ దేశంలోనే తయారై ఉండాలి. ప్యానెల్ మోడల్ ప్రభుత్వ ఆమోదిత జాబితాలో ఉండాలి. స్టాండ్లకు అలాంటి జాబితా లేదు. జింకు పూతకు, గాలి తట్టుకోవడానికి భారతీయ ప్రమాణాలు ఉన్నా, మిద్దె మీద అవి అమలయ్యేది వెండర్ పనితనాన్ని బట్టే. రాయితీ కిలోవాట్ లెక్కన వస్తుంది. కాబట్టి ధరల పోటీలో కోత పెట్టడానికి తేలికైన చోట్లు పైపు మందం, బోల్టులు, యాంకర్లే.

గాలి లెక్క

ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం డిజైన్‌కు తీసుకునే ప్రాథమిక గాలి వేగం హైదరాబాద్‌లో సెకనుకు 44 మీటర్లు, విశాఖలో 50 మీటర్లు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక విశాఖలో అది దాదాపు 29 శాతం ఎక్కువ. స్థూలంగా చదరపు మీటరుకు 150 కిలోలు. 3 కిలోవాట్ల ప్లాంటుకు సుమారు 15 చదరపు మీటర్ల ప్యానెళ్లు కావాలి. అంటే రెండు టన్నులకు పైగా ఒత్తిడి. ఎత్తు, వాలును బట్టి ఇది మారుతుంది. ఆ ప్యానెళ్ల బరువు 200 కిలోలు కూడా ఉండదు. వెనుక నుంచి గాలి వీస్తే అవి గొడుగులా పైకి లేవాలని చూస్తాయి. హైదరాబాద్‌లో సరిపోయిన స్టాండునే విశాఖలో బిగించడం అందుకే ప్రమాదం.

కొత్త పరిష్కారాలు, పాత మిద్దెలు

పరిష్కారాలు లేక కాదు. సైటు దగ్గర కోసి వెల్డింగ్ చేస్తే ఆ చోట జింకు పూత కాలిపోయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. ముందే రంధ్రాలు చేసి బోల్టులతో బిగించే చట్రాలతో ఈ సమస్య ఉండదు. జింకు, అల్యూమినియం, మెగ్నీషియం కలిపిన పూతలు కోసిన అంచులను కూడా కొంతవరకు కాపాడతాయి. ఉప్పుగాలి తగిలే తీర ప్రాంతాలకు ఇవి మేలు. శ్లాబుకు రంధ్రం పెట్టకుండా కాంక్రీటు దిమ్మెల బరువుతో నిలిపే పద్ధతీ ఉంది. కానీ తుపాను తీరంలో దానికి టన్నుల బరువు కావాలి. పాత శ్లాబు అంత మోయగలదా అని ఇంజనీరే తేల్చాలి.

మరో శత్రువు నీరు. రంధ్రం చుట్టూ నాసిరకం సీలెంట్ పూస్తే ఎండకు పగిలి, వానకు గదిలో చెమ్మ దిగుతుంది. రేకుల కప్పుపై ఎండను తట్టుకునే ఈపీడీఎం రబ్బరు వాషర్లు వాడాలి.

ఎవరి మీద భారం?

ప్యానెల్ విద్యుత్ ఉత్పత్తికి సాధారణంగా 25 ఏళ్ల వారంటీ ఉంటుంది. పథకం కింద వెండర్ నిర్వహణ బాధ్యత 5 ఏళ్లే. మిగతా 20 ఏళ్లు తుప్పు, తుపాను, లీకేజీ భారమంతా ఇంటి యజమానిదే. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఉచితంగా 2 కిలోవాట్ల ప్లాంట్లు పెట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. ఆ ఇళ్లలో కప్పు కారితే బాగుచేయించుకునే స్తోమత ఎందరికి ఉంటుంది?

ప్యానెల్‌కు పెట్టినట్టే స్టాండుకూ ఆమోదిత డిజైన్లు, జిల్లా గాలి వేగాన్ని బట్టి తనిఖీ ఉండాలి. అంతవరకు వినియోగదారుడే నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగాలి: ఏ గాలి వేగానికి డిజైన్ చేశారు, ఏ పూత వేశారు, యాంకర్ ఎంత లోతు దిగింది, లీకైతే ఎవరు బాధ్యులు?