తుండుగుడ్డ క్రింది ధర

పోయిన నెల మా పెద్దక్కయ్య కొడుకు బెంగుళూరు నుంచి వచ్చి, అటక మీది రేకుపెట్టె దించాడు. దించినవాడు ఊరకుండక సెల్‌ఫోను చేతబట్టుకొని, "మామా, ఇందులో ఎంత ధనం ఉన్నదో తెలుసునా?" అని అడిగాడు. మాకు తెలిసినంతవరకు ఆ పెట్టెలో ఉన్నవి మా తాతగారు కట్టించిన చందమామ సంపుటాలు పధ్నాలుగు, మా చిన్నాయన కొన్న తమిళ కామిక్కులు ఒక కట్ట, నడవని గడియారం ఒకటి. ధనం అన్న మాట ఆ పెట్టె విషయంలో మేమెన్నడు వినలేదు.

పిల్లవాడి ఆరాటానికి కారణం లేకపోలేదు. 2021 నవంబరులో పాలారు పొంగిన వానలకు అక్కయ్య ఇంటి మిద్దె కారడం మొదలుపెట్టింది. ఇప్పుడు పెచ్చులూడుతున్నది. మేస్త్రి వచ్చి చూసి లక్షా ఇరవైవేలు అవుతుందన్నాడు. బావగారు పోయిన తర్వాత ఆమె చేతికి వచ్చేది ఎంతో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఇంతలో పాతపుస్తకాల వర్తకుడొకడు పెట్టె మొత్తం 8 వేలకు తీసుకొంటానని కబురుపెట్టాడు. వచ్చినదే చాలునని అక్కయ్య, ఆగమని మేనల్లుడు.

వాడు చెప్పినదేమంటే, అమెరికాలో పాత కామిక్కులు ఏ రోజు ఏ ధరకు అమ్ముడయినవో వ్రాసిపెట్టే సంస్థలున్నవి. చందా కడితే ఆ లెక్కలు చూడనిస్తారు. ముందు ఒక ఏడాది చందా కట్టి, ధర తెలుసుకొని, తర్వాత అమ్ముదాము అని. చందా డాలర్లలో. రూపాయలలోకి మార్చి చూస్తే అక్కయ్య ఇంటి రెండేళ్ళ కరెంటు బిల్లు అయింది. గుమాస్తా పనిలో తల నెరిసినవాళ్ళం కనుక, కాగితం మీద లెక్క వేయనిదే మాకు నిద్ర పట్టదు. ఈ మాసం ఈ శీర్షిక క్రింద ఆ లెక్కే వ్రాస్తున్నాము.

మన పళ్ళికొండ నుంచి వేలూరు పోయే దారిలో పొయిగై మంగళవారం సంత మీరెరిగినదే. చిన్నతనంలో తాతగారి వెంట అక్కడికి వెళ్ళినప్పుడు మేము చూసిన బేరం నోటితో జరిగేది కాదు. దళారి ఒక తుండుగుడ్డ తీసి రెండు చేతుల మీద కప్పేవాడు. క్రింద వేళ్ళు పట్టుకొనేవారు, నొక్కేవారు, వదిలేవారు. ఎద్దు చేతులు మారేది. ఎంతకు మారిందో ఆ ఇద్దరికి తప్ప ప్రక్కన నిలబడ్డ మాకు తెలిసేది కాదు. తాతగారు మాత్రం అమ్మినవాడి మొగం చూసి, "బాగానే పలికిందిరా" అనేవారు.

మేనల్లుడు చెప్పే చందా ఏమిటయ్యా అంటే, డబ్బిచ్చి ఆ తుండుగుడ్డ ఎత్తించుకొని చూడడం. అడిగిన ధర వేరు, పలికిన ధర వేరు. ఇలవంబాడి ముళ్ళవంకాయలు ప్రొద్దున కిలో 80 అని కూర్చున్న అవ్వ సాయంకాలం బస్సు వేళకు 40కి ఇచ్చి పోతుంది. అంగడిలో వంకాయ ధర ఎంత అంటే 80 అని వ్రాసుకొన్నవాడు మోసపోయినట్లే. ఇంటర్నెట్టులో పాత చందమామ ఒకటి 5 వేలు అని ఎవరో పెట్టిన ప్రకటన చూసి మావాడు గంతులేశాడు. ఆ ప్రకటన రెండేళ్ళుగా అక్కడే ఉన్నదని తర్వాత కనిపెట్టాము.

ఇక అమెరికా సంగతి. 1938లో 10 సెంట్లకు అమ్మిన "యాక్షన్ కామిక్స్" మొదటి సంచిక, సూపర్‌మాన్ తొలిసారి కనిపించినది, 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. అనగా సుమారు 50 కోట్ల రూపాయలు! ఇటువంటి వార్త ఒకటి విన్నవాడికి తన అటక మీది ప్రతి కాగితమూ బంగారు రేకులాగే కనిపిస్తుంది. అక్కడ 1970 నుంచి ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన ధరల పుస్తకం వెలువడుతున్నది. అయినా చిక్కేమంటే, ఒకడు "మంచి స్థితి" అన్నది మరొకడికి "చిరుగు" గదా? 2000లో సి.జి.సి. అని ఒక సంస్థ బయలుదేరి, పుస్తకాన్ని పరీక్షించి, 0.5 మొదలు 10 వరకు మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి 9.2 అంటే ఊరూరా 9.2 అయింది. తూకపు రాళ్ళు ఒకటైన తర్వాత ధరలు వరుసగా వ్రాసిపెట్టడం సులభమయింది. జీపీ అనాలిసిస్, గోకలెక్ట్ వంటివి ఆ పనే చేస్తున్నవి.

కనుక ఆ లెక్కలు ఎవరికి పనికివస్తవి? నెలకు నాలుగు పుస్తకాలైనా కొని అమ్మేవాడికి. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉన్న మన పిల్లలలో ఈ సరదా ఉన్నవారు కొందరు లేకపోలేదు. 500 డాలర్ల పుస్తకం కొనబోతూ, అదే మార్కుల ప్రతి పోయిన నెలలో 430కే పోయిందని తెలిస్తే, ఆ ఒక్క బేరంలో మిగిలే 70 డాలర్లు చాలా నెలల చందాకు సరిపోతవి. అటువంటివాడు చందా కట్టకపోవడమే పొరపాటు. ఎన్నడో ఒకసారి ఒకటి రెండు అమ్మేవాడికి మాత్రం ఊరికే దొరికేవి చాలును. ఈబేలో "అమ్ముడయినవి" అని నొక్కితే గడచిన 90 రోజుల ధరలు కనిపిస్తవి. హెరిటేజ్ వేలం సంస్థవారు పేరు నమోదు చేసుకొన్నవారికి తమ పాత వేలాల ధరలు ఉచితంగానే చూపిస్తారు. అప్పటికీ చాలకపోతే ఒక నెలకు కట్టి, కావలసినవి నోటుపుస్తకంలో ఎక్కించుకొని, మరునాడే ఆపించేయవలెను. మరునాడే అని ఎందుకు అంటున్నామంటే, మావాడు ఇంకేదో చందా ఆపడం మరచి మూడు నెలలు కట్టుకొన్నాడు. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. మరచినవాడు వాడే గదా!

ఇంకొక మాట. లెక్క ఎంత నిజమైనా అది నిన్నటి లెక్క. 1991లో "ఎక్స్-మెన్" అనే పుస్తకం కొత్త మొదటి సంచిక 80 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. ముందు ముందు ధర వస్తుందని ఒక్కొక్కరు ఐదేసి కొని దాచుకొన్నారు. అందరూ దాచినదానికి ధర ఎక్కడిది? ఇప్పటికీ అవి కొద్ది డాలర్లకే దొరుకుతున్నవి. దాన్ని అచ్చువేసిన మార్వెల్ కంపెనీయే 1996 డిసెంబరులో దివాలా రక్షణ కోరవలసివచ్చింది. మళ్ళీ 2021లో ఆకాశమంటిన ధరలు ఆ తర్వాత చాలావాటికి దిగివచ్చినవి. నిన్నటి సంత ధర చూసి నేడు ఎద్దును కొనేవాడు ఎద్దు పళ్ళు కూడా చూడవలె.

మరి మా పెట్టె? ఇక్కడ మేనల్లుడి వాదం తేలిపోయింది. ఆ చందా పుస్తకాలలో ఉన్నవి ముఖ్యంగా అమెరికా కామిక్కులు, అందులోను పెట్టెలో బిగించి మార్కులు వేసినవి. మా చందమామలకు మార్కులు వేసినవాడు లేడు. వేయించడానికి సముద్రం దాటించితే రానుపోను ఖర్చుకే పుస్తకం ధర చాలదు. వాళ్ళు ఎత్తి చూపే తుండుగుడ్డ వేరే సంతలోది, వేరే ఎద్దులది.

"ఒరే అబ్బాయి, ఆ చందా డబ్బులో పదో వంతు బస్సుకు పెట్టు, ముగ్గురిని అడిగి రా" అన్నాము. వాడు చెన్నైలో ఇద్దరిని, గుడియాత్తంలో ఒకరిని పట్టుకొన్నాడు. ముగ్గురూ ఈ పుస్తకాలు పోగుచేసేవారే కాని వర్తకులు కారు. ముగ్గురూ మొదట అడిగినది చందమామలను కాదు, చిన్నాయన కట్టను! అవి శివకాశి నుంచి 1972లో మొదలయిన ముత్తు కామిక్స్. ఇనుప చేతి మాయావి కథలు. తమిళంలో వాటిని చదివి పెద్దవాళ్ళయినవారు ఈనాటికీ వెదుకుతున్నారట. తర్వాత కొన్ని కథలు మళ్ళీ అచ్చయినా, కథ కోసం కొనేవాడు వేరు, ఆనాటి కాగితం కోసం కొనేవాడు వేరు. ఒకరు చెప్పిన ధరను మరొకరికి చెప్పి, ఆయన చెప్పినది మూడవవారికి చెప్పి, చివరకు 26 పుస్తకాలు 21 వేలకు పోయినవి. పెట్టె మొత్తానికి 8 వేలన్న వర్తకుడు ఆ కట్టను ముందే చూసిపోయాడని అక్కయ్యకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

చందమామల మాట వచ్చేసరికి పోగుచేసేవారు పెదవి విరిచారు. 1947 జూలైలో తెలుగు, తమిళాలలో ఒక్కసారే బయలుదేరి, 2013లో ఆగిపోయిన పత్రిక అది. విడి సంచిక అట్టతో సహా చెక్కుచెదరకుండా ఉంటే ధర ఉన్నదట. మా తాతగారు ఏటేటా బైండు చేయించారు. బైండువాడు అంచులు కోశాడు, కొన్ని అట్టలు తీసేశాడు. పైగా పుటల ప్రక్కన పెన్సిలుతో వ్రాతలు. వాటి భాషలో ఇవన్నీ లోపాలు. పధ్నాలుగింటికి కలిపి 6 వేలు అన్నారు. చదువుకోవడానికయితే పాత సంచికలు ఇంటర్నెట్టులో ఊరికే దొరుకుతున్నవి, కాగితానికే ఈ ధర అని కూడా చెప్పారు. అన్యాయమైన మాటేమీ కాదు.

ఆ పెన్సిలు వ్రాతలు ఏమిటో చెప్పవలె. మా అమ్మ ఆరణి వైపు నుంచి కోడలుగా వచ్చింది. ఇంట్లో మాట తెలుగే అయినా బడిలో నేర్చినది తమిళ అక్షరాలే. తాతగారు ఎదురింటివారి అంబులిమామను, మన చందమామను ప్రక్కప్రక్కన పెట్టి ఇచ్చేవారట. బొమ్మలు అవే, కథ అదే. తమిళంలో చదివి, తెలుగులో వ్రేలు పెట్టి కూడబలుక్కోవడం. కఠినమైన మాట వచ్చినచోట ప్రక్కన తమిళంలో అర్థం ఆయనే వ్రాసేవారు. అమ్మ అట్లా నేర్చి, అవే సంపుటాలతో అక్కయ్యకు, మాకు నేర్పింది. మేనల్లుడికి ఎవరూ నేర్పలేదు. వాడు తెలుగు పుట తిప్పి బొమ్మలే చూస్తాడు. ఆ తప్పు వాడిది కాదు.

6 వేల మాట విని అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. 1961 సంపుటం ఒళ్ళో పెట్టుకొని తిప్పుతూ ఉండింది. "6 వేలకు మిద్దెలో ఎంత భాగం వస్తుందిరా?" అని మమ్మల్ని అడిగింది. లెక్క వేసి, ఇరవయ్యో వంతు అన్నాము. "అయితే ఆ మూలకు ఇంకొక వానాకాలం బక్కెట పెడతాను" అన్నది. మిగతా దానికి చీటీ పాడింది. పని ఆషాఢం పోయిన తర్వాత మొదలుపెడతారట. మేనల్లుడు ఏడాది చందా కట్టలేదు. నెల చందా మాత్రం తన డబ్బుతో కట్టి చూసుకొంటున్నాడు. అది వాడి సరదా, మేము కాదనలేదు.

పెట్టె మళ్ళీ సర్దుతూ ఉండగా 1959 సంపుటంలో ఆగస్టు సంచిక లేదని తేలింది. మన పాఠకులలో, ముఖ్యంగా గుడియాత్తం, కాట్పాడి ప్రాంతాలవారిలో ఎవరివద్దనైనా విడిగా ఉంటే సంఘం కార్యాలయానికి ఒక కార్డు వ్రాయగోరుతాము. అట్ట లేకపోయినా, పెన్సిలు వ్రాతలున్నా ఫరవాలేదు. ధర వారే చెప్పవచ్చును.