షాన్‌కి మూడు, సడక్‌కి ఒకటి

హ్యూస్టన్‌లో ఉన్న మా చోటే భాయ్‌కి 1932 ఫోర్డ్ హాట్‌రాడ్ షౌక్. ఇంజిన్ షెవ్రొలె 350. దానిమీద మూడు కార్బొరేటర్లు పెట్టాలని జిద్. ఖూబ్‌సూరత్‌గా ఉంటాయి, ఇన్కార్ చెయ్యను.

కానీ హిసాబ్ చూడండి. 350 క్యూబిక్ అంగుళాలని 5500 ఆర్‌పీఎంతో గుణించి 3456తో భాగిస్తే 557. మామూలు సడక్ ఇంజిన్ పీల్చేది అందులో 85 శాతం. అంటే నిమిషానికి 473 ఘనపుటడుగుల గాలి. 600 సీఎఫ్‌ఎం ఫోర్ బ్యారెల్ ఒక్కటి కాఫీ! 750 పెడితే తక్కువ స్పీడులో గాలి మెల్లగా పారి పెట్రోలు సరిగ్గా లాగదు, సిగ్నల్ దగ్గర తొక్కగానే బండి తడబడుతుంది. మూడైతే మూడింటినీ ఒక తీరున కలపడం ఇంకో ముసీబత్.

ఈద్‌కి అమ్మీని అందులోనే తీసుకెళ్తాడట. ఆమె ఎండలో రోడ్డు పక్కన నిలబడితే ఆ షాన్ ఎవరికి?

"ఫోటోలో ఒకటి బాగోదు భాయ్‌జాన్" అంటాడు.

బానెట్ మూసి ఫోటో తియ్యరా అన్నాను. దానికి బానెట్టే లేదట.