రంగాపుర వేధశాల — మన కర్తవ్యము

ఆకాశమును చూచుట కూడు పెట్టని విద్య యని తలచువారు మనలో నేటికిని గలరు. పొలమునకు నీరును, పిల్లవానికి ఉద్యోగమును, రోగికి మందును కావలసిన దేశమున, ఊహకందని దూరముననున్న నక్షత్రవీథుల గొడవ మనకెందుకని వారి ప్రశ్న. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. సమాధానము చెప్పుటకు పూర్వము, ఆ విద్య మన గడ్డపై నొకప్పుడు వర్ధిల్లి, పిమ్మట నిరాదరణకు లోనైన వృత్తాంతమును పాఠకులకు నివేదించుట మా విధి.

1901వ సంవత్సరమున నవాబు జఫర్ జంగు ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి హైదరాబాదున నిజామియా వేధశాలను నెలకొల్పెను. 1908లో అది ప్రభుత్వాధీనమయ్యెను. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేరెను. నక్షత్రపటమును సిద్ధపరచుటకు వివిధ దేశముల వేధశాలలు ఆకాశమును పంచుకొని పూనిన మహాకార్యమున ఆ సంస్థ తన పాలు చెల్లించి, ఏడున్నర లక్షలకు మించిన నక్షత్రముల లెక్కలను 12 సంపుటములలో ప్రకటించినది. తండ్రి ఉద్యోగము చేసిన ఆ వేధశాల నీడనే పెరిగిన వైనూ బప్పు 1949లో ఇరువురు సహచరులతో పాటు తన పేరు వహించిన తోకచుక్కను కనుగొనెను. తరువాత తమిళదేశమున కావలూరు వేధశాలను నిర్మించెను. 1968 ప్రాంతమున ఉస్మానియావారు రంగాపురమున 48 అంగుళముల దూరదర్శినిని నిలిపిరి. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణము ఆ వేధశాల మీదుగనే సాగినది. పిదప నగరపు దీపకాంతి ఆకాశము నాక్రమించినది, పనివారును ధనమును కొరవడిరి, పరిశీలనములు సన్నగిల్లినవి.

ఆ దూరదర్శినితో నేడు చేయదగిన పని యేమి? నక్షత్రవీథులలోని వాయువును, వాని నడిబొడ్డున ప్రజ్వరిల్లు కేంద్రములను పరిశోధించుట యని మేము చెప్పుదుము.

కాకతీయుల చెరువుల క్రింద సేద్యము చేయు మన జిల్లావారికి ఈ విషయము బోధపడుట కష్టము కాదు. నక్షత్రవీథి యొక చెరువు. ఉదజని వాయువే దాని నీరు. నక్షత్రములు దాని ఆయకట్టున పండు పైరు. నీరు తరిగిన పైరు తరుగును. నడుమనున్న కృష్ణబిలము కొంత నీటిని త్రాగును. త్రాగునప్పుడు దానిచుట్టు సుడి తిరుగు వాయువు కాగి, ఒక్కొక్కప్పుడు వీథిలోని నక్షత్రములన్నిటి కాంతిని మించి వెలుగును. ఆ వేడిమి కట్టకు గండికొట్టిన చందమున మిగిలిన వాయువును వెలికి నెట్టుటయు గలదు. ఇట్టి కేంద్రములు గల వీథులను 1943లో సీఫర్టు పండితుడు వర్ణించెను. 1963లో క్వేసారుల అపార దూరము తెలియవచ్చినది. దూరపు వాయువు వేడిని వర్ణపటమునుండి గణించు మార్గమును 1920లో చూపినవాడు మన మేఘనాథ సాహాయే.

ఈ కేంద్రముల వెలుగు నిలకడ లేనిది. దినములలో, మాసములలో హెచ్చును, తగ్గును. కేంద్రము వెలిగిన కొంతకాలమునకు చుట్టునున్న వాయుమేఘములు వెలుగును. ఆ వ్యవధినుండి మేఘముల దూరమును, వాని వేగమును జేర్చి కృష్ణబిలపు బరువును గణింపవచ్చును. దీనికి వలసినది మహాయంత్రము కాదు, మహాసహనము. ఇజ్రాయేలు ఎడారిలోని వైజు వేధశాల దూరదర్శిని వ్యాసము ఒక్క మీటరే. అమెరికాలోని 2.3 మీటర్ల దూరదర్శిని తోడుగా అది 28 క్వేసారులను ఏడున్నర యేండ్లు కనిపెట్టి చూచినది. వానిలో 17 క్వేసారుల వాయుమేఘముల కొలతలు తేలి 2000వ సంవత్సరమున వెలువడినవి. మన రంగాపుర దూరదర్శిని 1.2 మీటర్లది! మనకు కొరవడినది అద్దము కాదు, పట్టుదల.

మన దేశమునకు ఈ సామర్థ్యము లేదనుట అసత్యము. పుణె జిల్లా ఖోడద్ చెంత 45 మీటర్ల పళ్లెములు 30 రేడియో తరంగములను పట్టుచున్నవి. వానితో మనవారు 7,653 నక్షత్రవీథుల సంకేతములను జేర్చి, సుమారు 800 కోట్ల యేండ్ల క్రిందటి ఉదజని రాశిని తూచి 2020లో ప్రకటించిరి. నాటి వీథులలో నక్షత్రములు పుట్టు వేగమునకు ఆ వాయువు చిరకాలము చాలదని తేల్చిరి. లడఖులోని హాన్లేయందు 2024లో ప్రారంభమైన 21 మీటర్ల గామాకిరణ దూరదర్శిని ఉజ్జ్వల కేంద్రములను గాలించుటకే ముఖ్యముగా పుట్టినది; దాని నిర్మాణమున హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. చేయి గలదు. ఎక్కడనో హిమాలయముల కావల పనిచేయు యంత్రమును మలచిన నగరము తన యింటి యంత్రమును మూలబడవేయుట యెట్టి న్యాయము?

ఇక కూటి ప్రశ్న. క్రొత్తగా కోట్లు వెచ్చింపుడని మేము కోరుట లేదు. ప్రజాధనముతో కొన్న యంత్రమును పాడుపెట్టుటయే నిజమైన దుర్వ్యయము. సూక్ష్మకాంతిని కొలుచుట, సంకేతములను వడకట్టుట నేర్చిన యువకుడు వైద్యయంత్రముల కర్మాగారమున నైనను, ఉపగ్రహముల శాలలో నైనను పనికివచ్చును. విద్యకు కూటితో వైరము లేదు.

కావున ప్రభుత్వమును విశ్వవిద్యాలయమును మేము కోరునవి మూడు. రంగాపుర దూరదర్శినిని బాగుచేయించి, క్రొత్త కెమెరా నమర్చి, పదియేండ్లకు తగ్గని పరిశీలన ప్రణాళికను అప్పగింపవలయును. పరిసరముల వీథిదీపములు నేలను మాత్రమే వెలిగించునట్లు కట్టుబాటు చేయవలయును. అచటి ఆకాశము చక్కబడనిచో, పాఖాలు అడవుల అంచున వన్యప్రాణులకు చెరుపు లేకుండ రాత్రుల చీకటిని ఏడాది పొడవున కొలిపించి చూడవలయును. ఈ శాస్త్రమును తెలుగున వ్రాయించి నర్సంపేటవంటి పట్టణముల గ్రంథాలయములకు పంపవలయును. ఖోడద్ పళ్లెములతో తీసిన ఆకాశపటములు ఎల్లరకు తెరచియే యున్నవి. వానిని చదువుటకు మన పిల్లలకు కొరవడినది చెప్పువాడే.

ప్రభుత్వము కదలువరకు ప్రజలు చేతులు ముడుచుకొని యుండరాదు. పఠనమందిరమున కొక చిన్న దూరదర్శిని, నెల కొక ఉపన్యాసము: ఇంతమాత్రము పట్టణ ప్రముఖుల శక్తికి మించినది కాదు. చెరువు త్రవ్వించిన పూర్వులు దాని నీరు తమ కాలమునకే చాలునని త్రవ్వింపలేదు. వారి వారసులమని చెప్పుకొనుటకు మనమును అంతటి ముందుచూపు చూపవలయును.