రోజుకు ఎన్ని టన్నుల ఉక్కు?

సంపాదకులకు,

ఇంటి దగ్గరే చదువుకునే పిల్లలు లెక్కలకు కూర్చోకపోతే బహుమతి ఆశ చూపాలని మీ వ్యాసకర్త సలహా ఇచ్చారు. రోజూ ఒకే వేళ పాటించాలన్నది మంచి మాటే. కానీ పిల్లల్ని ఆపేది చాలాసార్లు బద్ధకం కాదు. తప్పు వస్తుందన్న భయం, ఈ లెక్క ఎందుకో తెలియకపోవడం.

విశాఖలో ఆ ‘ఎందుకు’కు జవాబు కళ్లెదుటే ఉంది. ఉక్కు కర్మాగారం సామర్థ్యం ఏటా 73 లక్షల టన్నులు. దాన్ని 365తో భాగిస్తే శేషం లేకుండా సరిగ్గా 20,000 వస్తుంది. ముందు అంచనా వేయమని, తర్వాత కాగితం మీద చేయమని అడిగితే భాగహారమంటే బెదిరే పిల్ల కూడా పెన్సిల్ పడుతుంది. బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది. పొడవు 91 మీటర్ల పైనే. పిల్ల దాన్ని తన అడుగులతో కొలిచి సరిచూసుకోవచ్చు.

1905లో ఇల్లు వదిలి విశాఖ దారి పట్టిన శ్రీనివాస రామానుజన్‌నూ బహుమతులు లెక్కల్లోకి దించలేదు. అతని చేతికందిన జి.ఎస్. కార్ గణిత పుస్తకం నిండా సూత్రాలే, పూర్తి నిరూపణలు తక్కువ. ఆ ఖాళీలు పూరించడమే అతని పని అయింది. అందరూ రామానుజన్‌లు కారు, నిజమే. అయినా సగం చేసి వదిలిన లెక్క ఏ పిల్లనైనా లాగుతుంది.

పద్నాలుగేళ్లు నిండాక సార్వత్రిక విద్యాసంస్థ ఎన్‌ఐఓఎస్ ద్వారా పదో తరగతి రాయాలంటే పాఠ్యపుస్తక అభ్యాసమూ తప్పదు. అది తర్వాతి మాట.

వచ్చే సంచికలో సలహాలు తగ్గించి, మన ఊరి లెక్కలు పది అచ్చు వేయండి.

— ఒక పాఠకురాలు, గాజువాక