నకలుకు నమస్కారం, దొంగముద్రకు కాదు

19వ శతాబ్దపు జర్మను వెండి పానపాత్రల ప్రస్తావన రాగానే కళారసికులు ముక్కు విరుస్తారు. "అవా? పాతవాటికి నకళ్ళు" అని ఒక్క మాటతో తోసిపుచ్చుతారు. ఈ తీర్పు అన్యాయమని నా వాదం. పాత రూపాన్ని మళ్ళీ చేయడం నేరం కాదు. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో దాచడం నేరం. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్ల నిజాయితీ గల పనివాడూ మోసగాడూ ఒకే బోనులో నిలబడవలసి వస్తోంది.

1871లో జర్మనీ ఒకే సామ్రాజ్యమైంది. కొత్తగా కలిమి చూసిన వ్యాపార వర్గం తన భోజనపు బల్లకొక వంశచరిత్రను వెతుక్కుంది. 1876లో మ్యూనిక్ ప్రదర్శనలో "మన తండ్రుల కృతులు" అన్న పేరుతో పాత కళావస్తువులకు ఒక విభాగమే ఏర్పాటైంది. న్యూరెంబర్గు, ఆగ్స్‌బర్గు స్వర్ణకారులు 16వ శతాబ్దంలో తీర్చిన మూత చషకాలు, బుడిపెల గిన్నెలు అలా మళ్ళీ పుట్టాయి.

ఇది సృజన లేని అనుకరణ అంటారా? అయితే ఆ పాత న్యూరెంబర్గునే సాక్షిగా పిలుద్దాం. అక్కడ స్వర్ణకారుడుగా గుర్తింపు కోరేవాడు పరీక్షలో భాగంగా కొలంబైన్ పువ్వు ఆకారపు చషకాన్ని చేసి చూపాలి. అందరికీ అదే రూపం. చేతిలోని పనితనమే తేడా. 1600 ప్రాంతంలో హాన్స్ పెట్జోల్ట్ తనకు నూరేళ్ళ కిందటి గోథిక్ చషకాల తీరును మళ్ళీ చేపట్టాడు. ఆయనను ఘనుడంటున్నాం. మరి మూడు వందల ఏళ్ళ తరువాత అదే పని చేసినవాడు దొంగ ఎలా అవుతాడు? ఎన్ని రామాయణాలున్నా విశ్వనాథ మళ్ళీ కల్పవృక్షం రాశారు. పాత కథను తన పేరుతో చెప్పినందుకు ఎవరమూ ఆయనను తప్పుపట్టలేదు.

నిజాయితీ గల నకలుకు ల్యూనెబర్గు పట్టణమే ఉదాహరణ. 1874లో ఆ పట్టణం తన పురాతన వెండిని బెర్లిన్ మ్యూజియం కోసం అమ్మివేసింది. బదులుగా విద్యుత్తు సాయంతో అచ్చుతీసిన నకళ్ళు పురమందిరానికి వచ్చాయి. అవి నకళ్ళేనని అందరికీ తెలుసు. ఎవరికీ నష్టం లేదు.

ఇక నేరం సంగతి. హనావ్ పట్టణపు కార్ఖానాలు కొన్ని, తాము చేసిన పాత్రల మీద పాత నగరముద్రలను పోలిన కల్పిత ముద్రలు కొట్టాయి. 1888 నుంచి సామ్రాజ్యమంతటికీ నెలవంక, కిరీటం గుర్తులు, వెండి పాలు చెప్పే 800 వంటి అంకెలు వచ్చినా ఈ అలవాటు పోలేదు. "అవి అలంకారాలే, కొన్నవారికి తెలుసు" అని సమర్థించేవారున్నారు. మొదట కొన్నవాడికి తెలిసే ఉండవచ్చు. అతని మనుమడి దగ్గర కొనేవాడికి ఎవరు చెబుతారు? ముద్ర అనేది కొనేవాడికి ఇచ్చిన మాట. దాన్ని అలంకారమనడం మాట తప్పడానికి మరో పేరు.

పేరు దాస్తే ఏమవుతుందో న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంలోని రొస్పిల్యోసి చషకం చెబుతుంది. ఇది బంగారుది, తాబేలు, డ్రాగన్ మోసే గవ్వ ఆకారపు గిన్నె. 1913లో ఆల్ట్‌మన్ వీలునామా ద్వారా వచ్చింది. చెల్లీని కృతి అని దశాబ్దాల పాటు కొనియాడారు. తీరా 1979లో, ఆఖెన్ స్వర్ణకారుడు రైన్‌హోల్ట్ ఫాస్టర్స్ గీసిన చిత్రాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న సంగతి చార్ల్స్ ట్రూమన్ రాసి లోకానికి చెప్పాడు. ఆ వెలుగులో ఈ చషకం కూడా ఫాస్టర్స్‌దేనని తేలింది. ఒక్క గ్రాము బంగారం తగ్గలేదు, ఒక్క గీత మారలేదు. మారింది పేరొక్కటే. పొగడ్త మాత్రం ఆవిరైంది! అంటే ఇన్నాళ్ళూ మన రసికులు మొక్కింది పనితనానికా, పేరుకా?

ఫాస్టర్స్ 1909లో మరణించాడు. తన చేతిపనికి దక్కవలసిన మెప్పు వేరొకరి ఖాతాలో పడింది. దొంగముద్ర మోసగించేది కొనేవాడినొక్కడినే కాదు, చేసినవాడి పేరును కూడా అది మింగేస్తుంది.

కనుక నకళ్ళను నేలమాళిగలకు తోయకండి. వాటిని అద్దాల బీరువాలలోనే ఉంచండి. కింద చీటీ మీద చేసినవాడి పేరు, చేసిన ఏడు, దేనిని చూసి చేశాడో రాయండి. పేరు తెలియకపోతే తెలియదనే రాయండి. అప్పుడు ఎవరి పనిని మెచ్చుకుంటున్నామో తెలిసి మెచ్చుకుంటాం.