డి-పట్టా భూమికి వెల లేదా?

కర్నూలు, కడప జిల్లాల్లో పరిశ్రమకో సోలార్ పార్కుకో స్థలం కావలసి వస్తే అధికారుల చూపు ముందుగా ఎక్కడ పడుతుంది? కాలువ కింద మాగాణి మీద కాదు. ఊరికి దూరంగా, గుట్ట వారన, పేదలకిచ్చిన డి-పట్టా భూమి మీద. మాల, మాదిగ పల్లెలకు ఆ భూమి రాళ్లతోనే దక్కింది. రాళ్లేరి, గట్లు వేసి, కొర్రా కందీ పండించేసరికి తరాలు గడిచాయి. మన సంఘాల్లో అలాంటి కుటుంబాలు ఎన్నో.

ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కుకు దాదాపు 6 వేల ఎకరాలు పోయింది. ఓర్వకల్లు గుట్టల్లో విమానాశ్రయం, పారిశ్రామికవాడ వచ్చాయి. అభివృద్ధి వద్దని ఎవరంటారు? కరువు సీమలో పని దొరక్కపోతే పిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. ప్రశ్న పరిహారం గురించి.

1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఆ భూమిని అమ్మకూడదు, కొనకూడదు అంది. పెత్తందార్ల నుంచి పేదవాణ్ణి కాపాడటానికి వేసిన కంచె అది. ఆ కంచెనే చూపి ‘ఇది నీ సొంతం కాదు, ప్రభుత్వం వెనక్కి తీసుకుంటుంది’ అనడం అలవాటైంది. అహాబు సైతం నాబోతుకు బదులు తోటో వెలో ఇస్తానని ముందు అడిగాడు! అసైన్డ్ రైతుకూ సొంతదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తీర్పు చెప్పింది. ఆ సంగతి మన పల్లెల్లో ఎందరికి తెలుసు?

కంచె దాటినవాళ్లూ ఉన్నారు. కడప జిల్లా ఇడుపులపాయలో తమ కుటుంబం అధీనంలో ఉన్న 600 ఎకరాలకు పైగా అసైన్డ్ భూమిని నాటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారే 2006లో ప్రభుత్వానికి అప్పగించారు. 2023 సవరణ 20 ఏళ్లు దాటిన సాగుభూమిని అమ్ముకునే హక్కు ఇచ్చింది. హక్కు మంచిదే. కానీ రోడ్డు ఎటు పడుతుందో ముందే తెలిసినవాడు కొంటాడు, అప్పులో ఉన్నవాడు అమ్ముతాడు.

దక్షిణాఫ్రికా 1913లో నల్లవారిని దాదాపు 7 శాతం నేలకు పరిమితం చేస్తూ ఏకంగా చట్టమే చేసింది. మన ప్లాన్లలో కులం పేరు ఎక్కడా కనిపించదు. సర్వే నంబరు చాలు.

ఇంకో చిక్కు మనవాళ్లది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. భూమి లాక్కున్నా అట్రాసిటీ చట్టం అండ ఉండదు. పట్టా వారసత్వం మాత్రం ఎక్కడికీ పోదు. అసైన్డ్ రైతు కుటుంబాన్ని 2013 భూసేకరణ చట్టం బాధిత కుటుంబంగానే లెక్కించింది. అందుకే సర్వేయరు రాకముందే తాత పేరున ఉన్న పట్టా మనుమల పేరుకు మారిందా, అడంగల్‌లో ఎవరి పేరుంది అన్నది చూసుకోవాలి. సంఘంలోని చదువుకున్న యువకులు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కాగితాలు ముందేసుకుని పెద్దలతో కూర్చుంటే సగం పని అవుతుంది.